నాలుగు సాళ్లు

ఆ ఆగస్టులో బాపిరాజు గారు పొలం గట్టు మీద మోటారు సైకిలు ఆపి, దిగకుండానే మాట చెప్పేశారు.

"ఏవయ్యా ఎలీయాజరూ, ఇంకొక్క పంట చూస్తాను. ఇదీ పోయిందంటే చెరువు తవ్వించేస్తాను. ఉండి ఊరి నుంచి చేపల చెరువులవాళ్లు ఇద్దరొచ్చి చూసుకుని కూడా వెళ్లేరు."

పొలం ఆయనది. పెంటపాడు అవతల, పంటకాలవ పక్కన అర ఎకరం మెరక. తొమ్మిదేళ్లుగా మేం దాన్ని కౌలుకి తీసుకుని కూరగాయలు పండిస్తున్నాం. మాకు పడమటి వైపు అప్పటికే రెండు చేపల చెరువులు వచ్చేశాయి. కాబట్టి ఆయన బెదిరించడానికి అన్న మాట కాదది. చెరువుకిస్తే ఆయనకి ఏ చింతా ఉండదు. మాకు మాత్రం ఆ చుట్టుపక్కల ఇంకో మెరక దొరకదు, కూరగాయలు తప్ప ఇంకో పని చేతకాదు.

నేల చెడిన మాట నిజమే. మొదట్లో పార వేస్తే పిడి దాకా దిగేది. మూడేళ్ల నుంచి నేల బిగుసుకుపోయింది. నీళ్లు పెడితే పైనే నిలిచిపోతాయి, ఆరితే పెంకులా పగులుతుంది. ఏటా నేను యూరియా ఒక చేయి ఎక్కువ వేయడం, కాపు కొంచెం తక్కువ కావడం.

ఇంటికొచ్చి రాజు గారి మాట చెప్తే, మా ఆవిడ దేవకుమారి బియ్యం చెరగడం ఆపలేదు.

"యూరియా అంటే నేలకి కల్లు పోసినట్టేనండి. ఆ పూటకి లేచి గంతులేస్తుంది. తెల్లారితే లేవదు. తొమ్మిదేళ్లు తాగించేం. ఈ ఏడు తిండి పెడదాం."

ఆ మాటలు సగం ఆవిడవి, సగం ఇందుజ గారివి. ఇందుజ గారు మా సచివాలయంలో హార్టికల్చర్ అసిస్టెంటు. పాతికేళ్లుంటాయేమో, స్కూటీ మీద తిరుగుతూ పొలం కనిపిస్తే చాలు చెప్పులు విడిచి దిగిపోతుంది. డ్వాక్రా ఆడవాళ్లకి కంపోస్టు చేయడం నేర్పింది ఆవిడే. మా పొలం చూసి ఒక ఏర్పాటు చెప్పింది. అర ఎకరాన్ని మధ్యకి విడదీసి, ఒక సగంలో నేను ఎప్పటిలా ఎరువులు వేసుకోవాలి. రెండో సగంలో కంపోస్టు, ఆవు పంచితం తప్ప ఇంకేమీ పడకూడదు. రెండింటికీ ఒకే వంగ నారు, ఒకే నీరు. ఏ రోజు ఏం చేసిందీ ఆవిడ పుస్తకంలో రాసుకుంటుంది.

"మీ సగం మీది, ఆవిడ సగం ఆవిడది. మాట తప్పకూడదండీ" అంది నవ్వుతూ.

"ఆ సగంలో నేను చెయ్యి పెట్టను" అన్నాను. ముగ్గురం విన్న మాట అది.

సెప్టెంబరంతా కాలవలో మొల లోతు నీళ్లలో నిలబడి గుర్రపుడెక్క లాగాం. దాన్ని నరికి, ఆరబెట్టి, వరిగడ్డి ఒక వరస, డెక్క ఒక వరస, మధ్య మధ్య పేడనీళ్లు, పాత మట్టి వేసి నిలువెత్తు గుట్ట పేర్చాం. పది రోజులకోసారి దాన్ని పూర్తిగా తిరగెయ్యాలి. మొదటి రెండు తిప్పులూ సరిగ్గా అయ్యాయి. పార దించగానే గుట్టలోంచి ఆవిరి లేచేది, దేవకుమారి మొహం వెలిగేది. అక్టోబరు చివర వాయుగుండం వచ్చి పది రోజులు గుట్ట దగ్గరికి పోనివ్వలేదు. మూడో తిప్పు తప్పిపోయింది.

నవంబరు రెండో వారానికి నారు తయారైంది. ఇందుజ గారు వచ్చి గుట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది.

"ఇంకా వెచ్చగా ఉందండి. గడ్డి పోచలు పోచల్లాగే ఉన్నాయి. ఇంకో మూడు వారాలు మగ్గాలి."

"నారు ముదిరిపోతుందండి" అన్నాను.

"మళ్లీ నారు పోసుకుందాం" అంది దేవకుమారి.

"మళ్లీ పోస్తే మళ్లీ నెల. అప్పుడు కాపుకొచ్చేసరికి ఎండలొచ్చేస్తాయి. రాజు గారు అప్పటిదాకా చూస్తారా? కుళ్లేది గుట్టలో కుళ్లితేనేం, పొలంలో కుళ్లితేనేం?"

దేవకుమారి ఇందుజ గారి వైపు చూసింది. ఆ అమ్మాయి వద్దనే అంది కానీ, గట్టిగా అనలేకపోయింది. ఆ గుట్ట పొలంలోకి మగ్గకుండా వెళ్లింది నా తొందర వల్ల. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత రోజుల్లో ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

నాటిన ఇరవయ్యో రోజుకి దేవకుమారి సగం పచ్చబారింది. పచ్చన అంటే ఆకుపచ్చ కాదు, పసుపు. కింది ఆకులు ముందు, పై ఆకులు తర్వాత. మొక్కలు జానెడు దగ్గర ఆగిపోయాయి. మధ్య గట్టుకి ఇవతల నా సగం మాత్రం నల్లని ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ మోకాలి దాకా లేచింది. దారిన పోయే ప్రతివాళ్లూ ఆగేవారు.

"ఆ పక్కదానికి ఏం తెగులండీ?"

"తెగులు కాదండి, కంపోస్టు."

నవ్వుకుంటూ పోయేవారు. బాపిరాజు గారు నవ్వలేదు. రెండు సగాల్నీ మార్చి మార్చి చూసి, "ఆడవాళ్ల ముచ్చట తీరిందా?" అని మోటారు సైకిలు స్టార్టు చేశారు.

ఇందుజ గారు ఒక మొక్క పీకి వేళ్లు చూపించింది. "మగ్గని గడ్డి ఇంకా మట్టిలో కుళ్లుతోందండి. కుళ్లడానికి దానికీ నత్రజని కావాలి. మొక్క నోటి దగ్గరిది అది లాక్కుంటోంది. కుళ్లడం అయిపోయేక తీసుకున్నదంతా తిరిగిచ్చేస్తుంది. నాలుగు వారాలు ఓపిక పట్టాలి. ఈలోగా పలచగా ఆవు పంచితం పోస్తూ ఉండండి, కొంత ఊపిరి పోస్తుంది."

ఆ రోజు నుంచి దేవకుమారి కడవలు మోయడం మొదలుపెట్టింది. పంచితంలో నీళ్లు కలిపి, పన్నెండు సాళ్లూ తిరిగి, మొక్క మొక్కకీ గరిటెడు. రాత్రి అన్నం తింటూ కంచం ముందే కునికేది. నేను ఆవిడ అరచేతులు చూసేవాణ్ని, మర్నాడు పొలం చూసేవాణ్ని. పసుపు అలాగే ఉండేది.

"ఒక్క పిడికెడు వేద్దామే. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను ఒకసారి.

"నాకు తెలుస్తుంది కదండీ" అంది.

డిసెంబరు మొదటి ఆదివారం నాకు నడుము పట్టేసిందన్నాను. దేవకుమారి నొప్పికి మందు రాసి, బైబిలు తీసుకుని, ఒక్కతే చర్చికి వెళ్లింది. మైకులో మొదటి పాట మొదలవగానే లేచాను. ప్లాస్టిక్ బకెట్టు నిండా యూరియా పోసుకుని, పైన గోనె కప్పి పొలానికి వెళ్లాను.

మధ్య గట్టు వైపు నుంచి మొదలుపెట్టాను. మొక్క మొదట్లో చిటికెడు వేయడం, కాలితో మట్టి కప్పడం. నడుం వంచి గబగబా పోతున్నాను. ఒక సాలు, రెండు సాళ్లు. మైకులో పాస్టరు వరదానం గారి గొంతు గాలివాటుకి వస్తూ పోతూ ఉంది. ఎనిమిదో సాలు చివర తల ఎత్తేసరికి కాలవ గట్టు మీద గడ్డిమోపుతో వెంకటనరసమ్మ గారు నిలబడి ఉన్నారు.

నరసమ్మ గారు పెద్దావిడ. భర్త పోయాక ముప్ఫై సెంట్లు ఒంటిచేత్తో చేసుకుంటున్నారు. మా పొలానికి రెండు పొలాల అవతల ఆవిడది.

"ఏం అబ్బాయ్, గుడికి పోలేదా?"

"నడుం నొప్పండి" అన్నాను, వంగి ఉండి.

"నడుం నొప్పయితే పడుకోవాలి గానీ కలుపు తీస్తారా ఎవరైనా?" అని నవ్వి వెళ్లిపోయారు. బకెట్టు గోనె కింద ఉంది. ఆవిడకి కనపడలేదు. అయినా ఇంక అక్కడ నిలవలేక బకెట్టు ఎత్తుకున్నాను. కాలవ పక్క నాలుగు సాళ్లు మిగిలాయి. వాటికి ఇంకో రోజు వేద్దామనుకుని ఇంటికొచ్చి పడుకున్నాను. ఆ ఇంకో రోజు రాలేదు. దేవకుమారి తెల్లారితే పొలంలో, పొద్దుగూకితే పొలంలో.

ఎనిమిది రోజులకి ఆకు పసుపు వదిలి ఆకుపచ్చకి తిరిగింది. పదిహేను రోజులకి పొలం నల్లబడింది. దేవకుమారి సాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుండిపోయి, ఒక ఆకుని రెండు వేళ్ల మధ్య పెట్టుకుని నన్ను పిలిచింది.

"చూసేరా? చూసేరా అండీ? మేడం గారు నాలుగు వారాలన్నారు, రెండు వారాలకే తిరిగింది!"

"చూసేను" అన్నాను.

"కాలవ పక్క నాలుగు సాళ్లూ ఇంకా తిరగలేదేంటో. ఆ కొబ్బరి చెట్ల నీడ వల్లనా?"

"నీడే అయ్యుంటుంది."

యూరియా వేసినప్పటికంటే ఆ రెండు మాటలు అన్నప్పుడే నేను ఎక్కువ తప్పు చేశాను. వేసినప్పుడు నాకు భయం ఉంది, పొలం పోతుందన్న భయం. అన్నప్పుడు ఏ భయమూ లేదు. ఆవిడ అడిగింది, నేను తేలిగ్గా అబద్ధం చెప్పాను. ఇందుజ గారు పుస్తకంలో, 'నాలుగు సాళ్లు, నీడ' అని రాసుకుంది.

క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యాల వేళ దేవకుమారి లేచి నిలబడింది. జనంలో మాట్లాడే మనిషి కాదు. గొంతు వణుకుతూనే, అందరూ నవ్విన పొలాన్ని దేవుడు పచ్చగా చేశాడనీ, ఏ మందూ వేయకుండా ఒట్టి చెత్తతో చేశాడనీ చెప్పింది. చర్చి అంతా స్తోత్రం అంది. నేను పక్కనే కూర్చుని, ముందు వరసలో ఎవరిదో పసిపిల్ల జడ రిబ్బను చూస్తూ ఉండిపోయాను.

జనవరి చివర మొదటి కోత. ఎనిమిది సాళ్ల నుంచి కాయలు గంపలకెక్కి తాడేపల్లిగూడెం మార్కెట్టుకి వెళ్లాయి. సాలుకి సాలు చూస్తే నా సగానికీ ఆ ఎనిమిది సాళ్లకీ కాపులో తేడా కనపడలేదు. కాయ నునుపులో ఆవిడదే పైచేయి. బాపిరాజు గారు ఒక కాయ చేతిలో తిప్పి చూసి, "బావుందే" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట మేం ఎప్పుడూ వినలేదు. ఇందుజ గారైతే ఎగిరి గంతేసింది. ఫిబ్రవరి మూడో వారంలో మా పొలంలోనే రైతుల్ని పోగుచేసి చూపిద్దామంది. గూడెం నుంచి ఆఫీసరు గారు వస్తారు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి యాభై మంది దాకా వస్తారు, దేవకుమారి గారు మాట్లాడాలి అంది.

అప్పటికి ఎనిమిది సాళ్లలో అక్కడక్కడ కొమ్మల చివర్లు వాలిపోతున్నాయి. కాయల్లో పుచ్చు కనిపిస్తోంది. యూరియా ఎక్కువ తిన్న నా సగంలో మరీ ఎక్కువ. కాలవ పక్క నాలుగు సాళ్లూ మాత్రం జనవరి నడుమ నుంచి మెల్లగా లేచి, ఫిబ్రవరికి పూత పట్టి, కాయ దించుతున్నాయి. ఎవరూ వాటిని పట్టించుకోలేదు. నేను మాత్రం రోజూ చూసేవాణ్ని. ఇందుజ గారు చెప్పినట్టే జరిగింది. తీసుకున్నదంతా నేల తిరిగి ఇస్తోంది. నేను ఆగగలిగి ఉంటే పన్నెండూ ఇలాగే వచ్చేవి.

మీటింగుకి ముందు రోజు మధ్యాహ్నం నరసమ్మ గారు మా ఇంటికొచ్చారు. దేవకుమారి ఇంట్లో లేదు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, చెంగుతో మూతి తుడుచుకున్నారు.

"అబ్బాయ్, నేనూ గుట్ట పెట్టేను తెలుసుగా. ఇంకా వేడిగానే ఉంది. రేపు మీ మీటింగయ్యేక ఎల్లుండి పొలానికి తోలించేస్తాను. బెండ పెడతాను. ఈ ఏడు యూరియా బస్తా కొనలేదు."

"వేడిగా ఉండగా ఎందుకండీ? కొన్నాళ్లు ఆగండి."

"మీరు ఆగేరా? వేడిదే తోలేరు, పసుపుబారిందన్నారు, రెండు వారాల్లో తిరిగింది. నేనూ చూసేను కదా కళ్లారా. మీ ఆవిడ చేతి చలవ నాకూ రావాలి గానీ."

ముప్ఫై సెంట్లు ఆవిడవి. అందులో బెండ పోతే ఆ ఎండాకాలం ఆవిడకి ఇంకేమీ లేదు. మొక్క పసుపు తిరిగితే ఆవిడ రోజూ గట్టు మీద నిలబడి రెండు వారాలు లెక్కపెడుతుంది. అయినా ఆకు పచ్చదనానికి రాదు. నేను ఏదో చెప్పబోయి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాను. బయటికొచ్చేసరికి ఆవిడ వెళ్లిపోతున్నారు.

మర్నాడు పొద్దున్నే జనానికి చూపించడానికి కాయలు కోస్తున్నాం. మీటింగు పది గంటలకి. దేవకుమారి కొత్త చీర కట్టుకుని, కొంగు బొడ్లో దోపుకుని, ఎవరేం అడిగితే ఏం చెప్పాలో గొణుక్కుంటూ కోస్తోంది. ఆవిడ మూడో సాల్లో, నేను నాలుగో సాల్లో.

"దేవకుమారీ."

"ఊఁ."

"దీంట్లో యూరియా వేసేను."

ఆవిడ చెయ్యి కాయ మీద ఆగింది. కోసింది. గంపలో వేసింది. ఇంకో కాయ కోసింది.

"ఎన్ని సాళ్లు?"

"ఎనిమిది. గట్టు వైపు నుంచి."

"కాలవ పక్కవి?"

"ముట్టుకోలేదు."

"ఎప్పుడు?"

"డిసెంబరు మొదటి ఆదివారం. నువ్వు చర్చికి వెళ్లినప్పుడు."

ఆవిడ సాల్లోనే కూర్చుండిపోయింది. కొత్త చీరకి మట్టి అంటుకుంటోందని నాకు అనిపించింది, ఆ సమయంలో అలాంటివే తోస్తాయి కాబోలు.

"నీడ అన్నాను" అంది. "మీరూ అవునన్నారు."

చేతిలో కాయ గంపలో పెట్టాను.

"క్రిస్మస్ నాడు నేను లేచి మాట్లాడితే పక్కనే కూర్చున్నారు."

"అవును."

"ఇప్పుడెందుకు చెప్పేరు?"

"నరసమ్మ గారు వేడి గుట్ట తోలించేస్తానంటున్నారు. మనకి తిరిగిందని."

"ఆవిడ అనకపోతే?"

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, లేచి, నన్ను దాటుకుని కాలవ పక్కకి వెళ్లింది. తొమ్మిదో సాలు మొదట్లో నిలబడి, మొక్క మొక్కనీ చూసుకుంటూ చివరిదాకా నడిచింది. పదోది తిరిగి వచ్చింది. పదకొండు, పన్నెండు. ఒకచోట వంగి మట్టి తీసి పిసికి చూసింది. మళ్లీ నా దగ్గరికి వచ్చాక, "గంపలు తీసుకురండి. జనం వచ్చేస్తారు" అంది. ఏం చెప్పబోతోందో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

షామియానా వేశారు. దేవకుమారి ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ముందు వరసలో ఆఫీసరు గారు, పక్కన బాపిరాజు గారు. నరసమ్మ గారు మూడో వరసలో కుర్చీ అంచున కూర్చున్నారు. ఇందుజ గారు పుస్తకం చూసి తారీకులతో సహా చదివింది. ఎక్కడా తడబడలేదు. ఆఖరున, "ఇదంతా ఒక్క కంపోస్టుతో సాధించారు, దేవకుమారి గారు మాట్లాడతారు" అంది. జనం చప్పట్లు కొట్టారు.

దేవకుమారి లేచింది. చీర కుచ్చిళ్ల దగ్గర మట్టి మరక అలాగే ఉంది.

"మేడం గారు చెప్పినదాంట్లో ఒక్క తప్పుందండి. ఆ తప్పు మేడం గారిది కాదు. ఈ పన్నెండు సాళ్లలో ఎనిమిదింటికి యూరియా పడింది. నాకు ఈ పొద్దున్నే తెలిసింది. కాలవ పక్క నాలుగూ కంపోస్టు, పంచితం తప్ప ఏమీ పడనివి. మీరు చూడాల్సింది అవేనండి. రండి, చూపిస్తాను."

ఎవరూ కదల్లేదు. ఇందుజ గారి మొహం పాలిపోయింది. వెనక నుంచి ఎవరో, "యూరియా దానంతటదే పడిందేంటమ్మా? ఎవరేసేరు?" అని అరిచారు. నలుగురు నవ్వారు.

దేవకుమారి ఆ మాటకి జవాబు చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు. తల దించుకుని గంపలో కాయలు సర్దుతోంది. చెప్పదని నాకప్పుడు అర్థమైంది. ఎంతమంది అడిగినా చెప్పదు.

లేచి నిలబడ్డాను.

"నేనేనండి."

బాపిరాజు గారు వెనక్కి తిరిగి చూశారు. ఆఫీసరు గారు ఎంత వేశావు, ఎన్నో రోజున వేశావు అని అడిగారు. చెప్పాను. గుట్ట మగ్గకుండా తోలించింది కూడా నేనేననీ, మేడం గారు వద్దన్నారనీ చెప్పాను. ఇందుజ గారు పుస్తకంలో ఒక పేజీ మీద అడ్డంగా గీత గీసింది. కొత్త పేజీ తిప్పి, తారీకు వేసి, నేను చెప్పింది మొదటి నుంచి రాసింది. నా మొహం చూడకుండానే, "చిటికెడంటే ఎంతండీ? చూపించండి" అంది. చూపించాను.

పదిహేను మంది దాకా లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు దేవకుమారి వెనకాల కాలవ పక్కకి నడిచారు. ఆవిడ మాట్లాడటం నాకు దూరం నుంచే వినిపించింది. గొంతు ఈసారి వణకలేదు.

"ఇవి మిగతావాటికంటే మూడు వారాలు వెనకపడ్డాయండి. దాచేది లేదు. నలభై రోజులు పచ్చగా పసుపురాసినట్టు ఉన్నాయి. మీరు గుట్ట బాగా మగ్గనిస్తే ఆ బాధ ఉండదు. ఇప్పుడు చూడండి, మొక్కకి ఎన్ని కాయలున్నాయో. ఇక్కడ పుచ్చు తక్కువ. ఇదిగో, మట్టి చూడండి."

పార అక్కర్లేకుండా చేత్తోనే తవ్వి పిడికెడు మట్టి తీసి నలుగురికీ పంచింది. ఆఫీసరు గారు మట్టి నలిపి చూసి, నాలుగు సాళ్లూ ఒక్క పంటా చూసి ఏదీ తేల్చలేమనీ, అయినా చూడాల్సింది ఇక్కడ ఉందనీ అన్నారు. బాపిరాజు గారు వంగి ఒక కాయ కోసి, గోరుతో చీల్చి చూశారు.

నరసమ్మ గారు అందర్నీ తోసుకుని ముందుకొచ్చారు. "అయితే నా గుట్ట రేపు తోలొద్దంటావా అమ్మాయ్?"

"వద్దండి. ఇంకో రెండు తిప్పులు తిప్పాలి. నేనొచ్చి తిప్పుతాను."

ఆ రాత్రి నుంచి దేవకుమారి నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. "అన్నం పెట్టేను." "నీళ్లు వదలండి." "ఆవుకి గడ్డి లేదు." తర్వాతి ఆదివారం చర్చిలో లేచి, క్రిస్మస్ నాడు తను చెప్పిన సాక్ష్యంలో సగం నిజం కాదని రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంది. ఆరాధన అయ్యాక వరదానం గారు, "ఎలా పండినా దేవుడిచ్చిన పంటే కదమ్మా" అన్నారు. "నేను చెప్పింది అది కాదు కదండీ" అంది దేవకుమారి.

చెప్పినట్టే వారానికోసారి నరసమ్మ గారి గుట్ట దగ్గరికి వెళ్లింది. మొదటిసారి ఒక్కతే వెళ్లింది. రెండోసారి నేనూ వెనకాలే వెళ్లాను. రావద్దనలేదు, రమ్మనలేదు. నరసమ్మ గారు నన్ను చూసి, "ఆ రోజు కలుపు కాదన్నమాట తీసింది" అన్నారు. పార తీసుకున్నాను. ముగ్గురం ఆ గుట్టని అడుగు నుంచి పైకి తిరగేశాం. నెల తర్వాత ఆవిడ బెండ విత్తారు. మొక్క ఒక్క రోజు కూడా పసుపు తిరగలేదు.

మార్చి నెలాఖరుకి నా సగం ఎండిపోయింది. ఎనిమిది సాళ్లూ ఏప్రిల్లో పుచ్చు పట్టి కాపు తగ్గితే పీకేశాం. కాలవ పక్క నాలుగు సాళ్లూ ఇంకా కాస్తూనే ఉన్నాయి. వాటిని దేవకుమారి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నీళ్లు తనే పెట్టేది, కోత తనే కోసేది, ఆ గంప వేరుగా పెట్టేది. నేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ని.

ఏప్రిల్ మూడో వారంలో బాపిరాజు గారు మనిషి చేత కబురు పంపారు. ఉండి వాళ్లకి ఈ ఏటికి చెరువు లేదని చెప్పేశాననీ, వచ్చే పంటకి గుట్ట ఇప్పటి నుంచే పెట్టుకోమనీ, అది కూడా నాకు కాదు, మా ఆవిడకి చెప్పమనీ.

ఆ కబురు చెప్పడానికి పొలానికి వెళ్లాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. దేవకుమారి పదకొండో సాల్లో వంగి కోస్తోంది. గట్టు మీద నుంచే చెప్పాను. విని, నడుం నిటారుగా చేసి, మోచేత్తో చెమట తుడుచుకుంది.

"సరేనండి" అని మళ్లీ వంగింది.

నేను తిరిగి వెళ్లబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఏవండీ, ఆ చివరి సాలు మీరు కోయండి. ఎండ ముదిరేలోపు అవ్వదు నా ఒక్కదానివల్ల."

చెప్పులు గట్టు మీద విడిచి దిగాను. పాదం చీలమండ దాకా మట్టిలోకి దిగింది, మెత్తగా, చల్లగా. మొదటి మొక్క దగ్గర కూర్చుని ఆకులు పక్కకి తీశాను.

"తొడిమ తెగకుండా కోయండి" అంది పక్క సాల్లోంచి. "గుంజకండి."

"అలాగే" అన్నాను.